పాముపిల్లా? పిల్లపామా?

ఆవుకు పుట్టింది దూడ. ఏనుగుకు పుట్టింది గున్న. కుక్కకు కూన, పులికీ కూనే, సింహానికి కొదమ. దూడ ఆడదైతే పెయ్య. ఆఖరికి పేను గుడ్డుకు కూడా ఈపి అని విడిగా పేరు పెట్టుకున్న భాష మనది. అలాంటి భాషలో పాముకు పుట్టినదానికి మాత్రం సొంత పేరు లేదు. కోడికి, మేకకి, చేపకి వాడే ‘పిల్ల’నే దానికీ తగిలించి పాముపిల్ల అనేసి ఊరుకున్నాం.

నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. మా వాళ్లు హోసూరు వైపు ఎన్ని తరాలుగా ఉన్నారో లెక్క తెలీదు. ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని బళ్లారి తెలుగు, షోలాపూరు తెలుగు, బరంపురం తెలుగు, యానాం తెలుగు అన్నీ చెవిన పడ్డాయి. వానాకాలంలో క్రాప్ లోనుకి వచ్చే రైతులతో మాట పంట దగ్గర మొదలైతే పాము దగ్గర తేలేది. ఎక్కడికి పోయినా ‘పాముపిల్ల’ అన్న మాట విన్నాను. కాని ఆ మాట అన్నవాళ్లు చూసింది పాము పిల్లనేనా అన్నది వేరే సంగతి. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

ముందు చుట్టుపక్కల భాషలు చూద్దాం. కన్నడంలో ‘హావిన మరి’. ఈ మరి అక్కడ కుక్కకీ మేకకీ పాముకీ అన్నిటికీ చెల్లుతుంది. కోస్తా నుంచి కొత్తగా బళ్లారి దిగిన మనవాళ్లకి మాత్రం ఎవరో "మరి..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు వినిపిస్తుంది. తమిళంలో ‘పాంబుక్కుట్టి’. మరాఠీలో ‘సాపాచం పిల్లూ’. ఈ పిల్లూ మన పిల్లకి చుట్టమే. ఒడియాలో ‘సాప ఛుఆ’. ఒడియాలో ‘పిలా’ అనే మాట కూడా ఉంది, కాని అది మనుషుల పిల్లలకి. బరంపురంలో మన ఇంట్లోంచి "దొడ్లో పాముపిల్ల, పాముపిల్ల" అని కేక వినబడితే, పక్కింటి ఒడియా పెద్దావిడ మన పిల్లాడికి ఏమైందోనని పరుగెత్తుకు వచ్చినా ఆశ్చర్యం లేదు.

తమిళం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఇందులో మనకి పనికొచ్చేది ఒకటుంది. తొల్కాప్పియంలో మరబియల్ అనే భాగం ఉంది. ఏ జంతువు పిల్లని ఏమనాలో అందులో వరసగా సూత్రాలు చెప్పారు. పక్షుల పిల్లలకి పార్‌ప్పు, పిళ్ళై అనే పేర్లు చెప్పి, పాకే ప్రాణులకూ అవే వర్తిస్తాయన్నారు. అంటే ఆ పాత లెక్క ప్రకారం పాముకు పుట్టినదాన్ని పిళ్ళై అనొచ్చు. మనం అనే ‘పిల్ల’ అదే. ఇక ‘కుట్టి’ అనే మాటని ఆ సూత్రాల్లో ముంగిస, అడవిపిల్లి, ఎలుక, ఉడత పిల్లలకి చెప్పారు. వాడుక తమిళం కాలక్రమాన ఆ కుట్టిని తెచ్చి పాముకు పెట్టేసింది. ముంగిస పిల్ల పేరు పాము పిల్లకి వచ్చిందన్నమాట! హోసూరు, కృష్ణగిరి వైపు మన ఇళ్లలో ఎవరైనా పాముపిల్ల అంటే, "స్వచ్ఛమైన తమిళం రాదు, తెలుగు కలిపేస్తారు" అని నవ్వేవాళ్లకి ఈ ముక్క చెప్పి చూడండి. ఈ విషయంలో పాత మాటని నిలబెట్టుకున్నది మనమే.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది కదా, ఆ భాషలో పాముపిల్లకి విడిగా పేరుంది, ‘సెర్పాంతో’ అని. యానాం వీధుల్లో ఆ మాట నా చెవిన ఎప్పుడూ పడలేదు. అక్కడా పాముపిల్లే.

ఇక అసలు చిక్కు. తెలుగులో ‘పిల్ల’ మాట వెనకుంటే ఒక అర్థం, ముందుంటే ఇంకో అర్థం. కోడిపిల్ల, మేకపిల్ల అన్నప్పుడు అది వయసు. పిల్లకాలువ, పిల్లగాలి అన్నప్పుడు అది సైజు. పిల్లకాలువ పెరిగి పెద్దకాలువ అవదు, ఎప్పటికీ పిల్లకాలువే. అలా అని ఇదేమీ గట్టి సూత్రం కాదు, పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నప్పుడు పిల్ల ముందే ఉన్నా అది వయసే. పాము దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ పూర్తిగా కలిసిపోయాయి. పాముపిల్ల, పిల్లపాము, చిన్నపాము మూడూ ఒకటే అయి కూర్చున్నాయి. జానెడు పొడవున్న ఏ పాము కనబడినా పాముపిల్ల అనేస్తాం. అది పుట్టి వారమైన నాగుపాము కావచ్చు, నాలుగేళ్ల వయసొచ్చి పిల్లల్ని కన్న వేరే జాతి పాము కావచ్చు. సైజు చూసి వయసు చెప్పేస్తున్నాం. ఈ ఒక్క తికమక వల్ల అమాయకమైన పాములు చస్తున్నాయి, ఒక్కోసారి మనుషులూ చస్తున్నారు.

ముందు, చిన్నగా ఉన్నా పిల్లలు కానివి. బాత్రూం తూములోంచి, పూలకుండీ కిందనుంచి వచ్చే నల్లటి, నిగనిగలాడే, దారంలాంటి పాము గుడ్డిపాము. జానెడు కూడా ఉండదు. కళ్లున్నచోట రెండు చుక్కలు మాత్రమే. చీమల గుడ్లు, చెదపురుగుల పిల్లలు దాని తిండి. దానికి ఇంకో వింత ఉంది, ఈ జాతిలో మగవే లేవు. ఆడది మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. కుండీ మట్టితో పాటు ఊళ్లు, దేశాలు దాటిపోయి దాదాపు ప్రపంచమంతా పరుచుకోవడానికి అదే కారణం, ఒక్కటి చేరితే చాలు. షోలాపూరులో దీన్ని ‘వాళా’ అంటారు. చెవిలో దూరుతుందని, నాగుపాము పిల్ల అని దీన్ని రాయిపెట్టి నలిపేసేవాళ్లు చాలామంది. దీనికి విషం లేదు, మనిషిని కరవను కూడా కరవదు.

పక్కదారే అయినా ఒక మాట. మట్టిలో ఉండే పురుగుని ‘వానపాము’ అని పాముల్లో చేర్చింది ఈ చుట్టుపక్కల మనమొక్కళ్లమే. తమిళులకి అది మణ్‌పుళు, కన్నడిగులకి ఎరెహుళ. రెండూ పురుగులే. మరాఠీలో గాండూళ్, ఒడియాలో జియా. పురుగునే పాము అన్నవాళ్లం కాబట్టి, పురుగులాంటి గుడ్డిపాముని చూసి పెద్ద పాము బిడ్డ అనుకోవడంలో వింతేముంది!

ఇంకొకటి షోలాపూరువైపు ‘కవడ్యా’ అనే పాము. ఇళ్లలోకి బల్లుల కోసం వస్తుంది, గోడ ఎక్కుతుంది. గోధుమరంగు ఒంటి మీద తెల్లని అడ్డపట్టీలు. ఎంత ఎదిగినా ఒకటిన్నర, రెండడుగులు. విషం లేదు. కాని చూడగానే "కట్లపాము పిల్ల" అంటాం. పుస్తకాల్లో తేడా చెబుతారు: కవడ్యాకి పట్టీలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టుండి తోకవైపు పోనుపోను మాసిపోతాయి, కట్లపాముకి మెడ దగ్గర సరిగా ఉండవు, తోకవైపు స్పష్టంగా ఉంటాయి అని. ఇది పెద్ద కట్లపాముకి సరే. పిల్ల కట్లపాముకి మాత్రం పట్టీలు ముందువైపు కూడా తేటగానే ఉంటాయి, ఎదిగేకొద్దీ అక్కడివి చెదిరిపోతాయి. అందుకని పట్టీల లెక్క నమ్ముకుని చిన్న పాము మీద చెయ్యి వేయడం ప్రాణంతో పందెం. ఇంట్లో అడ్డపట్టీల పాము ఎంత చిన్నదైనా కట్లపాము అనుకునే దూరంగా ఉండండి.

చిన్నగా ఉండి పిల్ల కానివాటిలో ప్రమాదమైనది మరాఠీవాళ్లు ‘ఫుర్సే’ అనేది. కొంకణంలో, రత్నగిరి వైపు దీని పేరు చెబితే ఇప్పటికీ భయమే. ఇసుకరంగు, అడుగు, అడుగున్నర పొడవు. చుట్టలు చుట్టుకుని ఒంటినే ఒంటికి రాసుకుంటే పొలుసుల్లోంచి రంపం కోసిన చప్పుడు వస్తుంది. తమిళంలో ‘చురుట్టై విరియన్’, చుట్టుకునేది అని. ఆ అడుగు పాము ముసలిదై ఉండొచ్చు, దాని కాటుకు రక్తం గడ్డకట్టడం మానేసి మనిషి పోవచ్చు. "పిల్లే కదా" అని చెప్పుతో తట్టబోయేవాళ్లు ఈ పాముతోనే దెబ్బతింటారు.

ఇప్పుడు దీనికి తిరగేసిన కేసు. నిజంగా పిల్లే, కాని వేరే పాముకు పుట్టింది అనుకుంటాం. రక్తపింజర పిల్ల పుట్టినప్పుడు ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉంటుంది. ఒంటిమీద గొలుసులా మూడు వరసల మచ్చలు, పెద్దవాటికంటే పిల్లల్లో ఇంకా నిగనిగలాడుతూ ముద్దుగా ఉంటాయి. మందకొడిగా పడి ఉంటుంది. అది చూసి కొండచిలువ పిల్ల అని చేత్తో పట్టుకున్నవాళ్లున్నారు, ఇసుకలో ఉండే మట్టిపాము అని సంచిలో వేసుకున్నవాళ్లున్నారు. ఇక్కడ లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు. కొండచిలువ గుడ్డులోంచి వచ్చేటప్పటికే ఒకటిన్నర, రెండడుగులు ఉంటుంది. కాబట్టి జానెడు పొడవున్న మచ్చల పాము కొండచిలువ పిల్ల అయ్యే అవకాశమే లేదు. ఈ తికమక పేర్లలోకీ ఎక్కింది. విషంలేని మచ్చల మట్టిపాముని మరాఠీలో ‘డుర్‌క్యా ఘోణస్’ అంటారు. ఘోణస్ అంటే రక్తపింజరే! మన ఇరుతల పాము, అదే రెండుతలల పాము, వాళ్లకి ‘మాండూళ్’. దాని పిల్లలు ఎర్రటి నారింజరంగులో, తోకవైపు నల్లపట్టీలతో పుడతాయి, ఎదిగేకొద్దీ ఆ రంగు మట్టిరంగులోకి దిగిపోతుంది. రెండు తలలూ లేవు, మొద్దుతోక అంతే. లక్షలొస్తాయని దాన్ని పట్టి అమ్మబోయేవాళ్లు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలుకి పోతున్నారు. నిధి ఏమీ లేదు దాంట్లో.

తమిళనాడులో ఉన్న మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. నాగుపాముని తమిళంలో ‘నల్ల పాంబు’ అంటారు. అక్కడ నల్ల అంటే మంచి. పేరు పెట్టి పిలవకూడదన్న భయభక్తులతో మంచిపాము అన్నారు. మనకి నల్ల అంటే నలుపు. మన ఇంటి పెద్దాయన కట్లపాము కాటు తిని, డాక్టరుతో "నల్లపాము, చిన్నది, పిల్ల" అని చెప్పాడనుకోండి. ఆ తమిళ డాక్టరు చెవికి నాగుపాము కరిచినట్టు వినబడుతుంది. ఇంకో ముడి ‘విరియన్’. కట్టు విరియన్ అంటే కట్లపాము, కణ్ణాడి విరియన్ అంటే రక్తపింజర. మొదటిదాని విషం నరాలమీద పనిచేస్తుంది, రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది. రెండోదాని విషం ముఖ్యంగా రక్తం మీద, కిడ్నీల మీద పనిచేస్తుంది. ఉత్త ‘విరియన్’ అని చెబితే ఏమీ చెప్పనట్టే. కన్నడంలో రక్తపింజర ‘కొళకుమండల’, ఒడియాలో ‘చందన బోడా’. కట్లపాము కన్నడంలో ‘కట్టుహావు’, మరాఠీలో ‘మణ్యార్’, ఒడియాలో ‘చితి’. కట్ల, కట్టు అన్నవి ఆ పట్టీలని చూసి పెట్టినవే, ఈ ఒక్క చోట తెలుగు, తమిళం, కన్నడం ఒకే దారిన నడిచాయి. కాని మన నీరుకట్టు పాములోనూ కట్టు ఉంది చూడండి, అది చెరువుల్లో కప్పలు తినే విషంలేని పాము.

సరే, నిజంగా పుట్టిన పాముపిల్ల ఎలా బతుకుతుంది?

పాముల్లో గుడ్లు పెట్టేవి, నేరుగా పిల్లల్ని పెట్టేవి రెండు రకాలూ ఉన్నాయి. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టు, కొండచిలువ గుడ్లు పెడతాయి. రక్తపింజర, ఫుర్సే, ఇరుతల పాము, చెట్లమీది పసరికపాము పిల్లల్ని పెడతాయి. ఇంగ్లీషువాళ్లు గుడ్డులోంచి వచ్చినదాన్ని హాచ్‌లింగ్ అని, తల్లి కడుపులోంచి వచ్చినదాన్ని నియోనేట్ అని వేరుచేస్తారు. రెండిటికీ కలిపి ముద్దుపేరు స్నేక్‌లెట్. మనకి రెండూ పిల్లలే. (జెర్రిపోతు గుడ్లు పెట్టడమేమిటి, పోతు కదా అనకండి. దున్నపోతు, మేకపోతులాగా పేరులో పోతు ఉండబట్టి అది మగజాతి అని, నాగుపాముకి మొగుడని కథ అల్లారు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. నాగుపాముతో దానికి ఏ సంబంధమూ లేదు, పైగా దొరికితే నాగుపాముకి అది తిండి.)

నాగుపాము ఎండాకాలంలో ఎలుకబొక్కలోనో చెదపుట్టలోనో పది నుంచి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు కోడిగుడ్డులా గట్టి పెంకు కాదు, తోలులా మెత్తగా ఉంటుంది, నేలలోని తేమని పీల్చుకుంటుంది. ఇంచుమించు రెండు నెలలకి, వానలు పడి కప్పలు, బల్లులు, ఎలుకలు జోరుగా ఉన్న వేళకి పిల్లలు వస్తాయి. మన పక్క కన్నడిగులూ మరాఠీలూ చేసే నాగరపంచమి శ్రావణంలో వస్తుంది, సరిగ్గా పుట్టల చుట్టూ ఈ పిల్లలు తిరిగే రోజులు. యానాం, కోస్తావాళ్ల నాగులచవితి కార్తీకంలో కాబట్టి అప్పటికవి ఎక్కడివక్కడ సర్దుకుని ఉంటాయి. హోసూరు ఇళ్లలో రెండూ చేసేవాళ్లు ఉన్నారు. ఏ పండగైనా పుట్టలో చేతులు పెట్టొద్దు, పాలు దాని తిండి కాదు.

పెంకు చీల్చడానికి పాముపిల్ల మూతి ముందు ఒక చిన్న పన్ను ఉంటుంది. దాంతో పెంకుమీద గీతలు కోసి తల బయటపెడుతుంది. వెంటనే రాదు. ఒక్కోసారి రోజంతా అలా తల పెట్టి లోకాన్ని చూస్తూ కూర్చుంటుంది. బయటికొచ్చిన కొద్దిరోజులకి ఆ పన్ను రాలిపోతుంది. కడుపులో పచ్చసొన మిగులు ఉంటుంది, వారం పదిరోజులు దానిమీదే గడుపుతుంది. మా భాషలో చెప్పాలంటే తల్లి ఒక్కో పిల్ల పేరున చిన్న డిపాజిట్ వేసి, పాస్‌బుక్ చేతికిచ్చి, మళ్లీ ఆ బ్రాంచి గడప తొక్కకుండా పోతుంది. ఆ డబ్బు అయిపోయేలోగా పిల్ల సంపాదన మొదలెట్టాలి. మొదటి కుబుసం విడిచాక మామూలుగా వేట మొదలు.

తల్లి పెంపకం పాముల్లో దాదాపు లేదు. కొండచిలువ గుడ్లను చుట్టుకుని కండరాలు వణికించి వెచ్చగా ఉంచుతుంది. ఒడిశా తీరం అడవుల్లో, తూర్పు కనుమల్లో ఉండే రాచనాగు ఆకులు పోగేసి గూడు కట్టి కాపలా కాస్తుంది, ఈ పని చేసే పాము అదొక్కటే. అయినా పిల్లలు వచ్చే వేళకి అదీ వెళ్లిపోతుంది. అందుచేత పిల్లని చంపితే తల్లి పగబట్టి వస్తుందన్నది కథ. అలాగే పాము తన పిల్లల్ని తానే తింటుందన్న మాట. కట్లపాములాంటివి చిన్న పాముల్ని తింటాయి, అందులో తనవీ పరాయివీ అన్న లెక్క వాటికి లేదు. మనం దాన్ని తల్లి క్రూరత్వం అనుకున్నాం.

పిల్ల ముందు చేసే పని చెదిరిపోవడం. ఒకచోట పుట్టిన ఇరవై ఒక్కచోటే ఉంటే తిండి చాలదు, శత్రువుకి ఒకేసారి విందు. ఇంట్లో ఒక నాగుపాము పిల్ల కనిపిస్తే తల్లి కోసం వెతక్కండి, కాని ఇంకో నాలుగు పిల్లలు దగ్గర్లో ఉండొచ్చు, తూములు, చెప్పులు, ఇటుకల కుప్పలు చూసుకోండి. రక్తపింజర ఒక ఈతలో ఇరవై నుంచి నలభై పిల్లల్ని పెట్టడం మామూలే, అంతకు మించీ ఉంటాయి. అన్ని ఎందుకంటే మిగిలేవి కొన్నే కాబట్టి. కాకి, కొంగ, నెమలి, ముంగిస, ఉడుము, పిల్లి, పెరటి కోడి అందరికీ పాముపిల్ల తిండే. పెద్ద కప్ప కూడా మింగేస్తుంది. ఏ కప్పని తిని పాము బతుకుతుందో ఆ కప్పే చిన్నప్పుడు దానికి యముడు. బతకడానికి దానికున్న ఉపాయాలు కూడా చిన్నవి కావు. పగలు బయటికి రాదు. వేలిమందం సందు చాలు, దూరిపోతుంది. బల్లిపిల్లలు, చిరుకప్పలు, ఎలుకపిల్లలు తింటుంది, ఒకసారి తింటే రోజుల తరబడి అక్కర్లేదు. నాగుపాము పిల్ల పుట్టిన రోజునే పడగ విప్పుతుంది. రక్తపింజర పిల్ల ఆ ఎనిమిది అంగుళాల ఒంటితోనే కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. విషం కూడా పుట్టుకతోనే వస్తుంది.

ఈ విషం మీద ఒక మాట ఈమధ్య బాగా తిరుగుతోంది. పిల్ల పాముకి విషాన్ని అదుపు చేసుకోవడం రాదు కాబట్టి పెద్దదానికంటే ప్రమాదం అని. అలా తేలిన గట్టి ఆధారం లేదు. పెద్దపాము సంచిలో విషం ఎక్కువ, ఎక్కువే దింపగలదు. అలాగని "పిల్లే కదా, ఏం కాదులే" అనేది ఇంకా పెద్ద పొరపాటు. మన ఊళ్లలో చూసేది ఈ రెండోదే. పెద్దపాము కరిస్తే ఊరంతా కదిలి ఆసుపత్రికి తీసుకెళతారు. పిల్ల కరిస్తే పసుపు పెట్టి పడుకోబెడతారు. కట్లపాము పిల్ల రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడంతో బయటపడుతుంది. నేలమీద చాప వేసుకుని పడుకునే ఇళ్లలోనే ఇది ఎక్కువ. మంచం, చుట్టూ అంచులు దోపిన దోమతెర ఉంటే చాలావరకు తప్పుతుంది.

పాము చిన్నదైనా పెద్దకర్రతో కొట్టాలి అని సామెత. శత్రువు విషయంలో, అప్పు విషయంలో అది సరేమో, నేను కూడా మొండిబకాయిల మీటింగుల్లో వాడినవాణ్ణే. పాము విషయంలో మాత్రం కర్ర ఎంత పెద్దదైనా దాని దగ్గరికి మనమే వెళ్లాలి, చాలా కాట్లు ఆ దూరంలోనే పడతాయి. చంపి, ఆ చచ్చిన పిల్లని కవర్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లక్కర్లేదు. తలతెగిన పాము కూడా కొంతసేపు కరవగలదు. దూరంనుంచి సెల్‌ఫోన్లో ఫొటో దొరికితే మంచిది, దొరక్కపోతే లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, ఫుర్సే నాలుగింటికీ కలిపి ఒకటే మందు వాడతారు. దాని తయారీకి కావలసిన విషంలో చాలాభాగం చెన్నై పక్క వడనెమ్మేలిలో 1978లో మొదలైన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ మందు కరిచిన పాము వయసు అడగదు. పిల్ల కరిచింది కాబట్టి సగం మందు చాలు అనే లెక్క లేదు, కరిపించుకున్నది పసివాడైనా మందు తగ్గించరు.

ఆసుపత్రిలో ఏం చెప్పాలంటే, పేరు కాకుండా చూసింది చెప్పండి. "పాముపిల్ల" అనకండి. "జానెడు ఉంది, గోధుమరంగు, వీపుమీద గుండ్రటి మచ్చల వరస, బుస గట్టిగా కొట్టింది" అనండి. "మూరెడు, నల్లగా మెరుస్తోంది, తెల్ల గీతలు" అనండి. హోసూరులో ‘నల్ల’ అనకుండా ‘కరుప్పు’ అనండి. ఎన్నింటికి కరిచింది, అప్పుడు నిద్రలో ఉన్నారా పొలంలో ఉన్నారా, రెప్పలు బరువెక్కాయా, చిగుళ్లలో రక్తం వస్తోందా, ఇవి పాము పేరుకంటే ఎక్కువ పనికొస్తాయి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలుగాని చెయ్యిగాని కదలకుండా ఉంచి బయల్దేరాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలు అని అధ్యయనంలో తేలింది, ఎక్కువమంది పల్లెల్లో, ఇంటిదగ్గరే. కర్ణాటక 2024లో పాముకాటుని ఆసుపత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన వాటిలో చేర్చింది, అదే ఏడాది తమిళనాడు కూడా. 108 ఆ రాష్ట్రాల్లోనూ, ఒడిశా, మహారాష్ట్రల్లోనూ, యానాంలోనూ పలుకుతుంది. ఫోన్లో కూడా ఆ ఊరి భాషలో పాముని ఏమంటారో అదే చెప్పండి: కొళకుమండల, కణ్ణాడి విరియన్, ఘోణస్, చందన బోడా. రక్తపింజర అంటే యానాంలో అర్థమవుతుంది, షోలాపూరులో అవతలి వ్యక్తికి అర్థం కాకపోవచ్చు.